దిగబడిన డంపర్‌ని బయటికి తీసేదెవరు?

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ఎక్కడో ఓ గనిలో డంపర్ చక్రాల పైదాకా బురదలో కూరుకుపోయి ఉంటుంది. ముందు రెండు డోజర్లు, పక్కన ఓ ఎక్స్‌కవేటర్, మధ్యలో చేతిమందాన వైర్ రోప్. వెనకాల హోరెత్తే పాట. ముప్పై సెకన్లలో డంపర్ బయటికొచ్చేస్తుంది. కింద వేలకొద్దీ లైకులు. టెక్ బ్లాగ్ నడుపుతాను కాబట్టి నెలకు ఐదారుగురైనా ఇలాంటివి నాకు పంపుతుంటారు, ‘అన్నా, దీని మీద రాయొచ్చు కదా’ అంటూ.

రాస్తున్నాను. కానీ ఆ ముప్పై సెకన్ల గురించి కాదు. దానికి ముందు కెమెరా పట్టించుకోని రెండు మూడు రోజుల గురించి. బీటెక్ చివరి ఏడాదిలో ఉండి ‘కోర్ జాబ్స్ లేవు’ అనుకుంటున్న మెకానికల్, సివిల్, ట్రిపుల్ ఈ, మైనింగ్ వాళ్లకి ముఖ్యంగా చెప్తున్నా. ప్రమాదం తర్వాత భారీ యంత్రాన్ని బయటికి తీయడమనేది మనకు సిలబస్‌లో ఎక్కడా పాఠంగా కనిపించదు. కానీ మనం చదివిన స్టాటిక్స్, సాయిల్ మెకానిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ అన్నీ ఒకే మధ్యాహ్నం పరీక్షకొచ్చే చోటు ఏదైనా ఉందంటే అది ఇదే. అక్కడ ఫెయిలైతే సప్లిమెంటరీ ఉండదు.

నా సంగతి ముందే చెప్పేస్తే మంచిది. మెకానికల్ పూర్తిచేశాక సుమారు పద్నాలుగు నెలలు ఓ ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తీసే కాంట్రాక్టు సంస్థలో ట్రైనీ ఇంజినీర్‌గా పనిచేశాను. సంస్థ పేరు, గని పేరు ఇక్కడ అనవసరం. ఆ పద్నాలుగు నెలల్లో చేసిన ఒక తప్పు లెక్క నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే ఈ వ్యాసం.

జులై నెల. నాలుగు రోజులుగా ముసురు. 60 టన్నుల డంపర్ ఒకటి మట్టి గుమ్మరించడానికి డంప్ అంచుకి వెనక్కి వెళ్లింది. అంచున బర్మ్ అని మట్టికట్ట ఉంటుంది, చక్రం దాటిపోకుండా. వానకి నాని ఉన్న ఆ కట్ట జారింది, దాంతోపాటే డంపర్ కూడా. అదృష్టం కొద్దీ బోల్తా పడలేదు. పదిహేను డిగ్రీల వాలులో కిందికి జారి, కింద నీళ్లు నిలిచిన బురదలో ఆగింది. ఆపరేటర్‌కి మోచెయ్యి విరిగింది. ఆయన్ని ఆస్పత్రికి పంపిన గంటలోపే సైట్ ఇన్‌ఛార్జి నా దగ్గరికొచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘నైట్ షిఫ్టు లోపల బయటికి తీయాలి. ఎన్ని డోజర్లు కావాలో లెక్క చెప్పు.’

నేను నోట్‌బుక్ తీశాను. ఖాళీ డంపర్ దాదాపు 45 టన్నులు, బాడీలో మిగిలిన మట్టి 25 టన్నులు, మొత్తం 70. వాలు పదిహేను డిగ్రీలు, సైన్ విలువ 0.26 కాబట్టి 18 టన్నులు. చక్రాలు దొర్లడానికి అడ్డుపడే నిరోధం పది శాతం వేసుకుంటే ఇంకో 7. మొత్తం 25 టన్నుల లాగుడు. ఒక్కోటి 35 టన్నుల పైన బరువుండే రెండు డోజర్లు చాలు! థర్డ్ సెమిస్టర్‌లో ఈ లెక్కకి పదికి పది పడేవి.

ఆ లెక్కలో బురద లేదు.

అమెరికా సైన్యం తన వాహనాల రికవరీ మాన్యువల్స్‌లో దశాబ్దాలుగా వాడుతున్న ఓ మోటు సూత్రం ఉంది. చక్రాల మట్టుకు దిగబడిన వాహనాన్ని కదిలించడానికి దాని మొత్తం బరువుకి సమానమైన బలం కావాలి. మడ్‌గార్డు దాకా దిగబడితే బరువుకి రెండింతలు. క్యాబిన్ దాకా అయితే మూడింతలు. బోల్తా పడిన బండిని తిరిగి నిలబెట్టడానికి మాత్రం బరువులో సగం చాలు. ఇదేమీ సూక్ష్మమైన శాస్త్రం కాదు, అనుభవంతో తేల్చిన అంచనా. కానీ దీన్ని నా కేసుకి వేసి చూడండి. మా డంపర్ మడ్‌గార్డు దాకా దిగింది. 70కి రెండింతలంటే 140 టన్నులు. నేను చెప్పింది 25.

ఊళ్లో పెరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ దిగబడిందనుకోండి, పెద్దవాళ్లు వెంటనే ఇంకో ట్రాక్టర్ తెచ్చి కట్టరు. ముందు పార తెమ్మంటారు. చక్రాల ముందు మట్టి తీసి, నీళ్లు పోవడానికి కాలవ కొట్టి, కింద కంపో దుంగో వేసి అప్పుడు లాగుతారు. కట్టేటప్పుడు కూడా తాడు ఎక్కడ కట్టాలో చూస్తారు. లాగే ట్రాక్టర్‌కి తాడు ఎత్తులో కడితే ముందు చక్రాలు గాల్లోకి లేచి ట్రాక్టర్ వెనక్కి డ్రైవర్ మీదే తిరగబడుతుందని వాళ్లకి తెలుసు. నాకూ చిన్నప్పుడు తెలుసు. ఇంజినీరింగ్ చదివాక మర్చిపోయినట్టున్నాను.

సైట్లో మంచిర్యాల వైపు నుంచి వచ్చిన పెద్ద ఫోర్‌మన్ ఒకాయన ఉండేవారు. అందరం ‘కాకా’ అనేవాళ్లం. నా నోట్‌బుక్ చూసి, ‘సార్, డోజరెంత బరువుంటదో అంతకన్న ఎక్కువ గుంజలేదు. ఈ జారుడు నేల మీద అండ్ల సగం గుంజినా గొప్పే. బురద ఇడువాలె గదా ముందు’ అన్నారు. ఒక్క ముక్కలో ట్రాక్షన్ పాఠమంతా చెప్పేశారు. ఎంత ఇంజిన్ ఉన్నా, నేలకీ ట్రాక్‌కీ మధ్య పట్టు ఉన్నంత వరకే లాగుడు. నేను తలూపాను గానీ ఇన్‌ఛార్జి ఎదుట నా లెక్క తప్పని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. కొత్త ఉద్యోగం, ప్రొబేషన్, మీకు తెలియందేముంది. రెండు డోజర్లకి రోప్‌లు కట్టారు.

కాకా మాత్రం తన పని తాను చేశారు. రోప్ పొడవెంతో అడిగి, దానికి మించిన దూరం అడుగులు లెక్కపెట్టి, అక్కడిదాకా అందర్నీ వెనక్కి తోలారు. నన్ను కూడా. ‘ఫోటో తర్వాత దిగుదురు’ అన్నారు. రెండో పట్టుకే ఎడమ వైపు రోప్ తెగింది. నేను విన్నది చప్పుడు మాత్రమే, రోప్ కదలడం కంటికి కనపడలేదు. డోజర్ వెనక ఉన్న ఇనుప జాలీ లోపలికి సొట్టపోయింది. ఆపరేటర్ ప్రాణాలతో మిగిలింది ఆ జాలీ వల్లే. అంతకు రెండు నిమిషాల ముందు నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డ చోట మట్టిలో జానెడు లోతు గాడి పడింది.

ఆ రాత్రి రూమ్‌కెళ్లి వేసిన లెక్క ఇది, మీరూ వేసి చూడండి. 40 మీటర్ల వైర్ రోప్, దాని మీద 30 టన్నుల లాగుడు, అంటే సుమారు 300 కిలోన్యూటన్లు. రోప్ ఒక్క శాతం సాగిందనుకుందాం, అంటే 40 సెంటీమీటర్లు. అందులో దాగిన శక్తి సగం ఇంటూ బలం ఇంటూ సాగుదల: 60 కిలోజౌల్స్. వెయ్యి కిలోల చిన్న కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే దానికి ఉండే శక్తి అంతే. తెగిన మరుక్షణం అదంతా ఓ ఇనప కొరడాలోకి పోతుంది. ఇప్పుడు ఆ వీడియోలు మళ్లీ చూడండి. డంపర్‌ని కాదు, రోప్ పక్కన ఎవరెవరు నిలబడ్డారో చూడండి.

డంపర్ చివరికి ఎలా వచ్చిందంటారా? మర్నాడు పొద్దున పంపు పెట్టి నీళ్లు తోడారు. చిన్న ఎక్స్‌కవేటర్‌తో పైనుంచి బాడీలో మట్టి తీశారు, 25 టన్నులు పోయాయి. చక్రాల చుట్టూ, ముఖ్యంగా వెనక యాక్సిల్ కింద, బురదని తవ్వారు. యాక్సిల్ కింద అతుక్కున్న బురదే పీల్చి పట్టుకునేది, పైకి కనిపించేది కాదు. తర్వాత ముందు వైపు వాలు తగ్గించి రాయి పరిచి దారి వేశారు. మూడో రోజు మధ్యాహ్నానికి దానికి కావాల్సిన లాగుడు 15 టన్నుల లోపు. ఒక్క డోజర్ లాగింది, ఇంకోటి తోడుగా నిలబడింది. వీడియో తీసినవాళ్లెవరూ లేరు. తీసినా ఎవరూ చూడరు, అంత నిదానంగా వచ్చింది.

ఇన్‌ఛార్జిని విలన్‌ని చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన మీద పైనుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఆగిన డంపర్ అంటే గంట గంటకీ డబ్బు. అద్దెకు తెచ్చిన డోజర్ల మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఈ తొందర ఏ గనిలోనైనా ఉంటుంది. నేను చెప్పేదల్లా, ఆ తొందరలో ‘ఎన్ని డోజర్లు?’ అన్న ప్రశ్న వచ్చి పడేది చాలాసార్లు అక్కడున్న అందరికంటే చిన్న ఇంజినీర్ మీద. చదువుకున్నవాడు కాగితం మీద ఓ అంకె రాస్తే అందరికీ ధైర్యం వస్తుంది. ఆ అంకె రాసేది రేపు మీరు కావచ్చు.

ఈ పని ఎంత పెద్ద స్థాయిలో జరుగుతుందో చూడాలంటే అమెరికాలోని యూటా రాష్ట్రానికి వెళ్లాలి. అక్కడి బింగ్‌హామ్ క్యాన్యన్ రాగి గని ప్రపంచంలోని అతి పెద్ద గుంతల్లో ఒకటి. లోతు కిలోమీటరు దాటుతుంది, వెడల్పు దాదాపు నాలుగు కిలోమీటర్లు. 2013 ఏప్రిల్ 10 రాత్రి దాని గోడ ఒకటి రెండు విడతలుగా కూలింది. దాదాపు 15 కోట్ల టన్నుల రాయి, మట్టి గని అడుగుకి దొర్లాయి. ఆ ఊపుకి చుట్టుపక్కల చిన్న భూకంపాలు కూడా వచ్చాయని యూటా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు తేల్చారు. మూడు భారీ ఎలక్ట్రిక్ షవెళ్లు, పదికి పైగా హాల్ ట్రక్కులు దాని కింద చిక్కుకున్నాయి.

చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. ఒక్కరికి గాయం కూడా కాలేదు.

ఎందుకంటే ఆ గోడ కదులుతోందని నెలల ముందే రాడార్ చెప్పింది. గోడ రోజుకి ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతోందో కొలిచే పరికరాలవి. వేగం పెరగడం చూసి కొన్ని రోజుల ముందే సందర్శకుల కేంద్రాన్ని మూసేశారు. ఆ రోజు గోడ కూలకముందే మనుషులందర్నీ బయటికి పంపేశారు. యంత్రాలు మాత్రం కింద ఉండిపోయాయి. కూలిన మట్టి వాళ్లు వేసుకున్న అంచనా కంటే ఎక్కువ దూరం దొర్లింది. అంత డబ్బు, అంత రాడార్, అంతమంది జియోటెక్నికల్ ఇంజినీర్లు ఉండి కూడా దొర్లే దూరం లెక్క తప్పింది. మరి మనుషుల విషయంలో ఎందుకు తప్పలేదంటే, అక్కడ లెక్కని నమ్ముకోలేదు, అందర్నీ తీసేశారు.

తర్వాతి కథే మన విషయానికి అసలు సంబంధం. కూలిన గోడ పైఅంచు ఇంకా పగుళ్లతో వేలాడుతోంది. దాని కింద యంత్రాలున్నాయి. వెళ్లి తవ్వేద్దాం అనలేదు. ముందు పైఅంచుని సరిచేయాలి, అక్కడికి మనిషిని పంపకూడదు. అందుకే దూరం నుంచి రిమోట్‌తో నడిచే డోజర్లు, ఎక్స్‌కవేటర్లు వాడారు. క్యాబిన్ ఖాళీ, ఆపరేటర్ సురక్షితమైన చోట కంట్రోల్ పట్టుకుని ఉంటాడు. కూలిపోయిన ప్రధాన రోడ్డుని మళ్లీ వేయడానికి నెలలు పట్టింది. ఆ తరగతి ట్రక్కులు, షవెళ్ల ధర మన రూపాయల్లో కోట్లలోనే. అయినా వాటి వంతు చివర్లో వచ్చింది.

దీని పక్కన మన దేశంలోని ఒక తేదీ పెట్టకుండా ఉండలేను. 2016 డిసెంబర్ 29, జార్ఖండ్‌లోని లాల్‌మటియా బొగ్గు గని. మట్టి కుప్ప ఒక్కసారిగా జారింది. డంపర్లు, ఎక్స్‌కవేటర్లు కూరుకుపోయాయి. కానీ వాటిలో మనుషులున్నారు. 23 మంది చనిపోయారు. అక్కడ యంత్రాల చుట్టూ తవ్వింది యంత్రాల కోసం కాదు. ఈ రెండు తేదీలనీ నేను ఒకే పేజీలో రాసుకుని పెట్టుకున్నాను. కూలిన మట్టి లెక్కలో యూటాదే ఎన్నో రెట్లు పెద్ద ప్రమాదం.

మన దగ్గరికొద్దాం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది టీవీల్లో అందరం చూశాం. అది గని కాదు, నీటి సొరంగం. కానీ ఇంజినీరింగ్ సమస్య అదే కుటుంబం. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, సొరంగం తవ్వే టన్నెల్ బోరింగ్ మెషీన్ మీదికి నీళ్లు, బురద, రాళ్లు విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకున్నారు. సైన్యం, ఎన్డీఆర్‌ఎఫ్, సింగరేణి రెస్క్యూ బృందాలు, ఇంకా ఎన్నో సంస్థలు దిగాయి. అందరికీ అడ్డం పడింది ఆ మెషీనే. ముందుకెళ్లాలంటే దాన్ని కట్టర్లతో ముక్కలు ముక్కలుగా కోసి బయటికి తేవాలి. కోసే చోట నీళ్లు ఊరుతున్నాయి, గాలి తక్కువ, పైకప్పు మీద నమ్మకం లేదు. తెచ్చిన ప్రతి ముక్కా 14 కిలోమీటర్లు ప్రయాణించాలి. నెలల గాలింపులో ఇద్దరి మృతదేహాలు మాత్రమే దొరికాయి.

ఆ రోజుల్లో నాకొచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం ‘పెద్ద క్రేన్ పెట్టి లాగేయొచ్చుగా’ అనే. పది మీటర్ల వ్యాసం సొరంగంలో క్రేన్ బూమ్ ఎక్కడ లేస్తుంది? క్రేన్‌కి ఉన్న సామర్థ్యం అంకె దాని బూమ్ దగ్గరగా ఉన్నప్పటిది. బూమ్ దూరం చాచిన కొద్దీ ఆ అంకె వేగంగా పడిపోతుంది. ప్రతి క్రేన్ క్యాబిన్‌లో ఉండే లోడ్ చార్ట్ చెప్పేది అదే. ఈ ఒక్క చార్ట్ చదవడం వచ్చిన ఫ్రెషర్‌ని నేను ఇంతవరకూ ముగ్గుర్నే చూశాను. నేను చేరినప్పుడు నాకూ రాదు.

కాలేజీల మీద నా ఫిర్యాదు ఇదే. ఉదాహరణకి స్లింగ్ కోణం. 40 టన్నుల వస్తువుని రెండు కాళ్ల స్లింగ్‌తో ఎత్తుతున్నారు. ఒక్కో కాలి మీద ఎంత పడుతుంది? క్లాసులో అడిగితే సగం మంది 20 అంటారు. కాళ్లు నిట్టనిలువుగా ఉంటేనే 20. నేలకి 60 డిగ్రీల కోణంలో ఉంటే 23. 30 డిగ్రీలకి పడిపోతే ఒక్కో కాలి మీద పూర్తి 40 టన్నులు! ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయడం వచ్చిన ఎవరైనా రెండు నిమిషాల్లో తేల్చే లెక్క. కానీ మన ల్యాబ్‌లో స్లింగ్ లేదు, షాకిల్ లేదు. ‘స్ట్రింగ్ ద్రవ్యరాశి లేనిది, సాగనిది అనుకోండి’ అన్న వాక్యంతో మొదలై అక్కడే ముగుస్తుంది చదువు. నన్నడిగితే రోప్ సాగుతుందన్న ఒక్క విషయం ప్రాక్టికల్‌గా చూపిస్తే చాలు, ఆ సెమిస్టర్ ఫీజు గిట్టుబాటైనట్టే.

లాగడం, ఎత్తడం కాక ఇంకో సంగతి ఉంది, అది పుస్తకాల్లో మరీ తక్కువ. ప్రమాదానికి గురైన యంత్రం ఆగిపోయినట్టు కనిపిస్తుందే గానీ చచ్చిపోలేదు. డంపర్ సస్పెన్షన్ సిలిండర్లలో నైట్రోజన్ ఒత్తిడితో ఉంటుంది. హైడ్రాలిక్ అక్యుమ్యులేటర్‌లో ఇంజిన్ ఆపేశాక కూడా ఒత్తిడి మిగులుతుంది. బాడీ పైకి లేచి ఉంటే దాని బరువంతా ఓ గొట్టంలోని నూనె మోస్తోంది. ఎలక్ట్రిక్ షవెల్‌కి వెనకాల పాములా పాకే ట్రైలింగ్ కేబుల్‌లో 3.3 లేదా 6.6 కిలోవోల్టులు పారుతుంటాయి. మట్టిలో కూరుకుపోయిన షవెల్ కేబుల్ ఎక్కడుందో తెలియకుండా బకెట్ దించకూడదు. ఇక టైర్లు. నిప్పంటుకున్న లేదా బ్రేకులు కాలి బాగా వేడెక్కిన డంపర్ టైరు లోపల రబ్బరు వాయువుగా మారి, మంట ఆరాక కూడా గంటల తర్వాత పేలొచ్చు. అందుకే 300 మీటర్ల దూరం, 24 గంటల పాటు ఎవరూ దగ్గరికి పోకూడదని గనుల భద్రతా మార్గదర్శకాలు చెప్తాయి. మంట ఆరింది కదా అని నీళ్ల బకెట్ పట్టుకుని దగ్గరికెళ్లే ఉత్సాహవంతుడు ప్రతి సైట్లో ఒకడుంటాడు.

చట్టం వైపు కూడా ఒక మాట. ప్రాణం పోయిన ప్రమాదమైతే, తనిఖీ అధికారి వచ్చి చూసేదాకా ఆ స్థలాన్ని కదిలించకూడదన్న నియమం 1952 గనుల చట్టంలోనే ఉండేది. మనుషుల్ని కాపాడటానికి, ఇంకో ప్రమాదం ఆపడానికి మినహాయింపులుండేవి. ‘యంత్రం ఖరీదైంది, పని ఆగిపోతోంది’ అన్న తొందరలో చక్రాల గుర్తులు చెరిపేస్తే, తర్వాత ఆ డంపర్ ఎందుకు జారిందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు తప్పంతా ఆస్పత్రిలో ఉన్న ఆపరేటర్ మీదికి నెట్టడం చాలా సులువు. నా మొదటి రోజుల్లో ఈ నియమం కాగితాల గొడవలా అనిపించేది. డంపర్ కదలకముందు డంప్ అంచు, బర్మ్ ఎత్తు, చక్రాల గీతలు ఫోటోలు తీసి కొలిచి పెట్టడం ఇప్పుడు నా దృష్టిలో రికవరీలో మొదటి పని. సర్వే తెలిసిన సివిల్ వాళ్లు, డ్రోన్‌తో మ్యాపింగ్ చేయగల సీఎస్‌ఈ, ఈసీఈ వాళ్లు ఈ పనిలో మెకానికల్ వాళ్లకంటే ముందుంటారు.

ఇంత చెప్పాక ‘ఉద్యోగాలెక్కడ?’ అంటారు. న్యాయమే. ‘రికవరీ ఇంజినీర్’ అని నోటిఫికేషన్ దాదాపు ఎప్పుడూ రాదు. ఈ పని వేరే పేర్ల కింద ఉంటుంది. సింగరేణి మేనేజ్‌మెంట్ ట్రైనీ నోటిఫికేషన్లలో మైనింగ్‌తోపాటు ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లకీ చోటుంటుంది. కోల్ ఇండియా, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ గేట్ స్కోరుతో తీసుకుంటుంటాయి. యంత్రాలు అమ్మి సర్వీసు చేసే డీలర్ సంస్థల ఫీల్డ్ ఇంజినీర్లు, భారీ క్రేన్లు అద్దెకిచ్చే సంస్థల లిఫ్ట్ ప్లానర్లు, బీమా సంస్థల తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్లు, వాలు గోడల్ని కనిపెట్టే జియోటెక్నికల్ బృందాలు, వీళ్లందరూ ఎప్పుడో ఒక రోజు దిగబడిన యంత్రం ముందు నిలబడేవాళ్లే. బీమా సర్వేయర్ పని ముఖ్యంగా చూడండి. తీయడానికయ్యే ఖర్చు యంత్రం విలువ కంటే ఎక్కువైతే ‘వదిలేయండి’ అని రాసే ధైర్యం ఉండాలి. తవ్వి తీయగలిగిన ప్రతిదాన్నీ తీయాల్సిన అవసరం లేదు.

తియ్యటి మాటలు మాత్రం చెప్పను. రామగుండం వైపు మేలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మూడు షిఫ్టులు, బొగ్గు దుమ్ము, కాంట్రాక్టు సంస్థల్లో మొదటి జీతం హైటెక్ సిటీలో మీ ఫ్రెండ్ జీతం ముందు చిన్నదే. ఇంజినీర్ ఆఫీసులో కూర్చునే పని కూడా కాదు. 2022 మార్చిలో సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోతే వారిలో ఇద్దరు అధికారులు. నేనూ పద్నాలుగు నెలలకే వచ్చేశాను. భయపడా అంటే, కొంత అవును. ఇంట్లో అమ్మ రోజూ ఫోన్ చేసి ‘షిఫ్టు అయిందా నాన్నా’ అని అడగడం కూడా ఓ కారణం. వదిలేసినవాడు సలహాలివ్వడమేంటని మీకనిపిస్తే కాదనను. కానీ అక్కడ నేర్చుకున్నంత ఇంజినీరింగ్ నాలుగేళ్ల కాలేజీలోనూ, తర్వాత చేసిన రెండు ఆఫీసు ఉద్యోగాల్లోనూ నేర్చుకోలేదు. అందుకే ‘కోర్ జాబ్స్ లేవు’ అన్న మాట వింటే ఊరుకోలేను. ఉన్నాయి. సుఖంగా లేవు, అంతే.

ఒకవేళ ఇటు రావాలనుకుంటే కొన్ని పనులు ఈ సెలవుల్లోనే చేయొచ్చు. దగ్గర్లో క్రేన్ పని జరుగుతుంటే రిగ్గర్ అనుమతి తీసుకుని దూరంగా నిలబడి ఒక పూట చూడండి. చేతి సైగలు, రోప్ తనిఖీ, ఎవరు ఎక్కడ నిలబడతారు, ఇవి గమనించండి. ఏదో ఒక క్రేన్ లోడ్ చార్ట్ తీసుకుని ఐదు లెక్కలు వేయండి. పుల్లీ బ్లాక్ పెడితే లాగుడు రెట్టింపవుతుందని చదివారు కదా, మరి రోప్ ఆ పుల్లీ చుట్టూ తిరిగి వెనక్కొస్తే పుల్లీని కట్టిన చెట్టు మీదో డోజర్ మీదో ఎంత బలం పడుతుందో గీసి చూడండి. రోప్ లాగుడుకి రెట్టింపు. పుల్లీతో పని తేలికైందని సంబరపడి ఆ కట్టిన చోటుని మర్చిపోతే, ముందుగా ఊడొచ్చేది అదే.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’ అంటారు. మనం ‘నో సర్’ అని లేచొచ్చేస్తాం. మైనింగ్, క్రేన్, భారీ యంత్రాల సంస్థ ఏదైనా సరే, ఈసారి ఒకటి అడగండి: ‘మీ సైట్లో లిఫ్టింగ్ గానీ లాగుడు గానీ జరుగుతున్నప్పుడు ఆపమని చెప్పే అధికారం ఎవరికుంది?’ గని వదిలాక ఉద్యోగాలు వెతుక్కుంటూ నేనిది రెండు చోట్ల అడిగాను. ఒక చోట ప్యానెల్‌లో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ‘ప్రాజెక్ట్ మేనేజర్‌గారి పర్మిషన్ తీసుకోవాలి’ అన్నారు. రెండో చోట మూలన కూర్చున్న పెద్దాయన ఒకరు, అప్పటిదాకా నన్నేమీ అడగనివారు, కళ్లజోడు తీసి, ‘అక్కడ నిలబడ్డ ఎవరికైనా. హెల్పర్‌కి కూడా’ అన్నారు. నేను చేరింది ఆ రెండో సంస్థలోనే. జీతం మొదటి దానికంటే నాలుగు వేలు తక్కువ.